జమీందారు చెవులు

బళ్ళకు సెలవులిస్తే ఊళ్ళో పిల్లలకు ఆటలు, మాకు చాకిరీ. ఏడాది పొడుగునా వాళ్ళ చేతుల్లో చావుదెబ్బలు తిన్న పియానోలన్నీ ఆ ఎండాకాలంలోనే మా గుమ్మం ఎక్కేవి. వాటిని విప్పి, దులిపి, బాగుచేసి, శ్రుతి చేసి, బళ్ళు తెరిచేలోగా ఎవరివి వాళ్ళకు అప్పగించాలి. నాన్నను ఊరంతా పియానో మాస్టారు అనేది. ఆ మాస్టారుకు ఒక్క పాట కూడా మొదలు నుంచి చివరిదాకా వాయించడం రాదని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ముందు రెండు గదులూ పియానోలవి. అవి పోగా మిగిలిన చోట మేము కాపురం ఉండేవాళ్ళం. మేమంటే నాన్న, అమ్మ, నానమ్మ, నేను, రెండు పిల్లులు. తెల్లగా బలిసి, కదలమంటే కసురుకునే పిల్లి జమీందారు. చారల పిల్లి పేరు పోలీసు. ఏ ముహూర్తాన పెట్టారో ఆ పేరు, చీమ చిటుక్కుమంటే మంచం కింద దూరేది.

చదువు అయిపోయాక నేను నాన్న దగ్గరే పనిలో కుదురుకున్నాను. తుప్పు గీకడం, తీగలను కొట్టి కొట్టి అరిగిపోయిన సుత్తులకు కొత్త ఉన్నిగుడ్డ అతకడం, వేళ్ళతో నొక్కే మెట్లు విరిగితే మార్చడం, ఇవన్నీ నావి. శ్రుతి మాత్రం నాన్నది. పియానోలో చాలా మెట్లకు మూడేసి తీగలుంటాయి. మూడూ ఒకే గొంతుతో పలకాలి. ఒక్కటి పక్కకు జరిగినా శబ్దం అలలు అలలుగా వస్తుంది. దాన్ని నాన్న 'ఊగడం' అనేవాడు. తీగ చుట్టిన మేకు మీద మీట పెట్టి వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ఆ ఊగడం తగ్గి తగ్గి ఒకచోట ఆగిపోతుంది. అప్పుడు 'నిలబడింది' అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నాన్న ముఖం చూడాలి, అన్నం తిన్న పిల్లాడి ముఖంలా ఉండేది. నాకూ నేర్పమని ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు, చేతి పని నీది, చెవి పని నాది, నీ చెవి ఇంకా పండాలి అని. మామిడికాయా పండటానికి అని గొణుక్కుంటూ నా తుప్పు నేను గీక్కునేదాన్ని.

నాన్న శ్రుతి చేసేది పొద్దున్నపూట. ఆ వేళకు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గిన్నె కదలకూడదు, తలుపు మూయకూడదు, తుమ్ము వచ్చినా వీధిలోకి పోయి తుమ్మాలి. నానమ్మ జన్మలో చేసిన ఉపవాసం అదొక్కటే, మాటల ఉపవాసం. మూడో గదిలో అమ్మ చెంచా కింద పెడితే ఇక్కడ నాన్న మీట ఆపి, తల తిప్పకుండా, 'చెంచా' అనేవాడు. అంతే. కోపం లేదు, కేక లేదు. ఆ ఒక్క మాటకే అమ్మ రోజంతా చిన్నబుచ్చుకునేది. గదిలో ఉండటానికి అనుమతి ఉన్న ప్రాణి జమీందారు ఒక్కడే. పియానో నెత్తిన పడుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. మెత్తగా ఊపిరి తీయడం తప్ప వాడికి వేరే పని రాదు కనుక నాన్నకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

ఆ ఏడు అన్నిటికంటే ముందు పెద్ద బడి పియానో వచ్చింది. ఆ బడి పెద్ద టీచరు మాట ఊళ్ళో రాతి మీద గీత. ఆవిడ బాగుందంటే మిగతా బళ్ళన్నీ మా గుమ్మం తొక్కుతాయి. పెదవి విరిచిందా, బజారు చివర కొత్తగా దుకాణం తెరిచిన మనిషి దగ్గరికి పోతాయి. అప్పటికే రెండు పియానోలు అటు మళ్ళాయి. అందుకని నాన్న దాన్ని నడిగదిలో పెట్టించుకుని, చేతులు తుడుచుకుని, పెళ్ళికూతురి ముసుగు తీసినంత భక్తిగా కింది పలక ఊడదీశాడు. లోపలినుంచి ఎలుక దూకింది.

చిన్నాచితకా ఎలుక కాదు. బళ్ళో పిల్లలు పారేసిన తిళ్ళు తిని ఒళ్ళు చేసిన ఎలుక. సరిగ్గా రెండు పిల్లుల మధ్య దిగి, అటూ ఇటూ చూసింది. పోలీసు కిటికీ పరదా ఎక్కేసింది. జమీందారు దాన్ని ఎగాదిగా చూసి, పనిమనిషి ఆలస్యంగా వస్తే చూసినట్టు ముఖం తిప్పుకుని, కాలు నాక్కోవడం మొదలుపెట్టాడు. ఎలుక తీరిగ్గా నడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. మంచం మీద కూర్చుని అంతా చూసిన నానమ్మ, పిల్లులకు పోసిన పాలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయని తేల్చేసింది.

బోను పెట్టాం. అందులో పోలీసు తోక పడింది. బియ్యం డబ్బా వెనక, బీరువా కింద, పాత దుప్పట్ల మూటలో వెతికాం. ఎక్కడ వెతికితే అక్కడ తప్ప అన్నిచోట్లా ఉండేది. నేను కత్తిరించి పెట్టుకున్న ఎర్ర ఉన్నిగుడ్డ పేలికలు ఒక్కొక్కటే మాయమవుతుంటే నా కడుపు మండిపోయేది. మెట్ల కింద వేసే ఆ గుడ్డ మళ్ళీ తెప్పించాలంటే మాటలు కాదు. నువ్వు ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టేలా ఉన్నావే అని నానమ్మ నవ్వేది.

చివరికి అమ్మ ఒక ఉపాయం చెప్పింది. పిల్లులు తిని తిని బద్ధకించాయి, ఆకలి తెలిస్తే అవే పడతాయి, ఎవరూ వాటికి తిండి పెట్టకూడదు అని. అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక ఎవరి పాపం వాళ్ళు చేశాం. పోలీసు దీనంగా చూస్తోందని నేను నా కంచంలోది తీసి పెట్టాను. ముసలిప్రాణానికి పాపం తగులుతుందని నానమ్మ తన పాలు పోసింది. నాన్న చేతి సంచిలోంచి చేపముక్క తీస్తుంటే నేను చూసి, చూడనట్టు ఊరుకున్నాను. ఉపాయం చెప్పిన అమ్మే మేమెవరం లేనప్పుడు గిన్నెలు నింపుతోందని తర్వాత తెలిసింది. మామూలు రోజుల్లో ఒక్కరు పెట్టేది, ఉపవాసం పుణ్యమా అని నలుగురం పెట్టాం. పిల్లులు వదిలేసింది ఎలుక తినేది. ఇంట్లో కడుపు నిండనిది మా నలుగురికే.

అసలు చిత్రం ఏమిటంటే, ఎలుక మా ఇంటి కట్టుబాటు కనిపెట్టేసింది. పొద్దున్న నాన్న మీట పట్టుకోగానే ఇల్లంతా గప్‌చుప్ అయిపోతుందా, ఆ వేళ ఎవరూ కర్ర పట్టుకుని వెంటపడరని దానికి అర్థమైపోయింది. సరిగ్గా శ్రుతి మొదలవ్వగానే గోడవార నడుచుకుంటూ నడిగదిలోకి వచ్చేది. వచ్చి, కీచుకీచుమని ఒకటే అరుపు. మూడో గదిలో మాకు చెవులు జివ్వుమనేవి. నానమ్మవి మొదటినుంచీ పాముచెవులు, ఆవిడ రెండు చేతులతో మూసుకునేది. అరిస్తే శ్రుతి చెడుతుంది, ఊరుకుంటే ఎలుక పేట్రేగిపోతుంది, ముందు నుయ్యి వెనక గొయ్యి. మేం పళ్ళు నూరుకుంటూ కూర్చునేవాళ్ళం. నాన్న మాత్రం కిమ్మనేవాడు కాదు.

ఆశ్చర్యం అదే. చెంచా చప్పుడుకు మీట ఆపే మనిషి ఎలుక కీచులాటకు చెక్కుచెదరకుండా కూర్చున్నాడు. మొదటిరోజు నానమ్మ ఉండబట్టలేక, శ్రుతి అయిన మరుక్షణం, "ఏరా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అది అంత గోల చేస్తుంటే నీకేం పట్టదా?" అంది. నాన్న మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత నవ్వాడు.

"పోనీలే అమ్మా. పాపం, అదీ వింటోంది" అన్నాడు.

మర్నాటి నుంచి ఎలుక రావడం నాన్నే ముందుగా చెప్పేవాడు. తల తిప్పకుండా, మీట ఆపకుండా, "అదిగో, శిష్యుడు వచ్చాడు" అనేవాడు. మేం తొంగి చూస్తే నిజంగానే గోడవార ఉండేది. ఇంకా నోరైనా తెరవని ఎలుకను వీపుతోనే పసిగట్టాడే అని ముక్కున వేలేసుకున్నాం. చెవులంటే మా నాన్నవి అనుకున్నాను. వీడికి ఎలుక మీద మమకారం పుట్టిందే, రేపు దత్తత తీసుకుంటాడు అని నానమ్మ వేళాకోళం చేసేది. నాన్న ఆ వేళాకోళాన్ని కాదనేవాడు కాదు, ఇంకాస్త ఎగదోసేవాడు. శిష్యుడు ఇవాళ ఆలస్యంగా వచ్చాడనీ, శిష్యుడికి పాఠం వంటబడుతోందనీ చెప్పేవాడు. నాకు నిజంగానే ఉక్రోషం వచ్చేది. ఇన్నేళ్ళుగా కాళ్ళావేళ్ళా పడ్డ నాకు దక్కని శిష్యరికం గోడవార ఎలుకకు దక్కింది. ఒకసారి అనేశాను కూడా. నాన్న నా నెత్తి మీద మెల్లగా ఒక మొట్టికాయ వేసి పోయాడు.

అలా ఎండలు ముదిరాయి, పెద్ద బడి పియానో పని చివరికి వచ్చింది. పెద్ద టీచరు కబురు పంపింది, వారం తిరిగేసరికి బడి తెరుస్తున్నాం, పియానో హాల్లో ఉండాలని. మిగిలింది సన్నగా పలికే పై మెట్ల శ్రుతి ఒక్కటే.

ఆ పొద్దున్న జమీందారుకు ఒంట్లో బాగాలేదు. నలుగురి దయా ఒక కడుపులో ఎంతని పడుతుంది, రెండుసార్లు కక్కి, అమ్మ ఒళ్ళో మూలుగుతూ పడుకున్నాడు. నాన్న ఒక్కడే నడిగదిలో మీట పట్టుకున్నాడు. ఇల్లు సద్దుమణిగింది. ఎర్రగుడ్డ పేలిక ఒకటి చేతిలో పట్టుకుని నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఆ మెట్టు అవ్వగానే ఇద్దామని.

ఎలుక వచ్చింది. ఈసారి గోడవార ఆగలేదు. అలవాటు పడిన చుట్టంలా తిన్నగా వచ్చి, నాన్న కూర్చున్న బల్ల పక్కన, ఆయన కాలి మడమకు జానెడు దూరంలో నిలబడి, కీచుకీచుమని ఎత్తుకుంది. వెనక గదిలో నానమ్మ చెవులు మూసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నాన్న 'అదిగో' అంటాడని చూశాను. అనలేదు. ఆయన పియానో నెత్తి మీద, జమీందారు రోజూ పడుకునే చోటు వైపు చూశాడు. ఖాళీ. కాసేపాగి మళ్ళీ చూశాడు. తర్వాత చిట్టచివరి మెట్టు నొక్కాడు. అది ఊగుతోంది. చెవి పండని నాకే తెలుస్తోంది, గాలికి తలుపు కొట్టుకున్నట్టు ఊగుతోంది. నాన్న తల వంచి విన్నాడు, మీట కొంచెం తిప్పాడు, ఇంకా ఎక్కువ ఊగింది. తృప్తిగా తల ఆడించి, మీట తీసి, చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడు నన్ను చూశాడు. నా ముఖం చూశాడు.

"ఇవాళ శిష్యుడు రాలేదేంటి?" అన్నాడు.

ఎలుక ఇంకా ఆయన మడమ పక్కనే అరుస్తోంది. నేను గుడ్డపేలిక అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చేశాను.

అమ్మా, నానమ్మా నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. నానమ్మ అడగలేదు, తనే చెప్పింది, పై మెట్లు ఏడుస్తున్నాయి కదే అని. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన ఇన్నాళ్ళూ ఎలుకను విననే లేదు, జమీందారు చెవులు ఎటు తిరిగితే అది చూసి చెప్తున్నాడు అన్నాను. చెప్తుంటే నాకే ఒక్కొక్కటీ తట్టుకొచ్చాయి. నాన్న 'చెంచా' అనడం మానేసి ఎన్నాళ్ళయిందో. చప్పుడు కాకుండా పెట్టడం తనకు ఇప్పటికి చేతనైందని అమ్మ గర్వపడింది, మేమూ అమ్మను మెచ్చుకున్నాం. అమ్మ ఒక చెంచా తీసి పళ్ళెంలో వేసింది. టంగుమంది. నడిగదిలోంచి ఏ మాటా రాలేదు. అమ్మ అలాగే పళ్ళెం వంక చూస్తూ నిలబడిపోయింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మాటలన్నీ బాగానే వింటాడు కదా అంటే, మాటలు వినపడతాయి, సన్నటివే పోయాయి అంది నానమ్మ. తాతయ్యకూ అంతేనట, ముందు పిచ్చుకలు పోయాయట, తర్వాత గడియారం. ఆవిడకు కొడుకు మీద కోపం లేదు, తన మీదే. చెవిటివాడి ముందు శంఖం అని ఈ నోటితోనే అన్నానే అంది. ఆ సామెత మళ్ళీ ఆవిడ నోట బతికినన్నాళ్ళూ రాలేదు.

ఆ పియానో అలాగే బడికి పోతే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. పెద్ద టీచరు వేళ్ళు పై మెట్ల మీదికి పోకుండా ఉండవు. పోతే మా గుమ్మం ఇక ఎవరూ ఎక్కరు. అది ఒక ఎత్తు. నిలబడింది అనే మాట తప్ప ఆ మనిషికి ఇంకో సంతోషం లేదు, అది ఇంకో ఎత్తు. చెప్పక తప్పదు, చెప్పడానికి నోరు రాదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఎవరూ ఏం చెప్పొద్దు. నువ్వు వెళ్ళి నేర్పమని అడుగు" అంది.

"ఎన్నోసార్లు అడిగానమ్మా."

"ఇంకోసారి అడుగు."

మర్నాడు పొద్దున్న నాన్న మీట పట్టుకోకముందే వెళ్ళి అడిగాను. నాన్న నన్ను చూసి, నా వెనక గుమ్మంలో నిలబడ్డ అమ్మనూ, మంచం మీద ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్న నానమ్మనూ చూశాడు. చెవి పండాలి అనలేదు. పక్కకు జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చి, మీట నా చేతిలో పెట్టాడు.

"కింద నుంచి వద్దు. పై నుంచి మొదలుపెట్టు" అన్నాడు.

ఏ పనివాడూ పై మెట్ల నుంచి నేర్పడు. నడిమి మెట్లు చేసి, కిందికి దిగి, చివర్న పైకి ఎక్కాలి. పై తీగలు గోరంత ఉంటాయి, వెంట్రుకంత తిప్పితే కొండంత మారిపోతాయి. అది నాకంటే ఆయనకు బాగా తెలుసు. అంటే మిగతాదీ ఆయనకు తెలుసు. నేను మీట మేకు మీద పెట్టాను. నాన్న నా చేతి మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు, బరువుగా ఉంచాడు అంతే.

"ఊగుతోందా?"

"ఊగుతోంది నాన్నా."

"ఇప్పుడు?"

"ఇంకా."

"తొందరపడకు. భుజంతో కాదు, మణికట్టుతో. ఇప్పుడు?"

ఎంతసేపు అలా అడిగాడో. విసుక్కోలేదు, నేనూ విసుక్కోలేదు. నా తల మొత్తం ఒక చెవి అయిపోయింది. ఉన్నట్టుండి ఊగడం సన్నబడి, సన్నబడి, ఎక్కడికో పోయింది. ఆ చోట ఒకే గొంతు మిగిలింది. ఇన్నేళ్ళుగా నాన్న ముఖంలో చూసిందేమిటో ఆ పూట నాకు తెలిసింది.

"నిలబడింది" అన్నాను.

నాన్న ఆ మెట్టు తన వేలితో ఒక్కసారి నొక్కాడు. ఆయనకు సుత్తి కొట్టిన టక్కుమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించి ఉండదు. "నువ్వు నిలబడిందంటే నిలబడినట్టే" అన్నాడు. నేను ఏడ్చాను. నాన్న ఏడవలేదు గానీ, మీ అందరి ముఖాలు చూసి తెలుసుకున్నానమ్మా, ఏదో అరుస్తోందని, నాకు తప్ప అందరికీ వినిపిస్తోందని అన్నాడు. దాన్ని శిష్యుడని నవ్వితే మేమంతా నవ్వుతాం, నవ్వితే ఎవరూ అడగరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అలా గడిపేద్దామనుకున్నాడట. నేను నాన్న ఒళ్ళో పడి చాలాసేపు ఏడ్చాను.

తర్వాతి మెట్ల దగ్గర ఒకటి మొద్దుగా పలికింది, జలుబు చేసినవాడు పాడినట్టు. తీగలు బాగానే ఉన్నాయి, సుత్తీ బాగానే ఉంది. చెవి పెట్టి వింటే లోపల ఎక్కడో గరగరమంటోంది. నాన్నకు చెప్పాను. ఆయన లేచి, అరచెయ్యి చెక్కకు ఆనించి, వైద్యుడు కడుపు తడిమినట్టు పైనుంచి కిందికి తడుముతూ పోయి, కుడివైపు మూలన ఆగాడు.

"ఇక్కడ. కదులుతోంది. చూడు నువ్వూ."

నా చెయ్యి అక్కడ పెట్టించాడు. నిజమే, చెక్క వెనక బుడిబుడి కదలిక. నా చెవి, ఆయన చెయ్యి కలిస్తే గానీ దొరకలేదు మహానుభావుడు. ఇల్లంతా వెతికి వెతికి, అది వచ్చిన పియానోలోనే మళ్ళీ కాపురం పెట్టిందని ఎవరూ అనుకోలేదు. ఉన్నిగుడ్డ పెట్టె ఖాళీచేసి మూల దగ్గర ఆనించి పట్టుకున్నాను. నాన్న పలక ఊడదీసి వెనకనుంచి తట్టాడు. పెట్టెలోకి ఎలుకా, దాని వెంట నా ఎర్ర పేలికలతో అల్లుకున్న మెత్తటి గూడూ వచ్చి పడ్డాయి. మూత వేసేశాను. ఈ ఘనకార్యం జరుగుతున్నంతసేపూ పోలీసు పరదా మీద ఉంది. జమీందారు గుమ్మంలో కూర్చుని, తనే దగ్గరుండి చేయించినట్టు చూశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారు అంది నానమ్మ. మూత వేసి ఉంచండి, చంపితే మాత్రం ఊరుకోను అని కూడా ఆవిడే అంది.

బడి తెరిచే ముందురోజు పియానోను బండి ఎక్కించాం. పెట్టె నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే అని నాన్న పట్టు. బడి ఆటస్థలం దాటాక, పిచ్చిమొక్కల దగ్గర మూత తీశాను. ఎలుక వెంటనే పోలేదు. బయటికొచ్చి, మీసాలు దులుపుకుని, మావైపు తిరిగి ఒక్క కూత కూసి పోయింది. ఏమంది అని నాన్న అడిగాడు. సెలవు తీసుకుందని చెప్పాను.

హాల్లో పెద్ద టీచరు మాకోసం నిలబడే ఉంది. పొడుగ్గా, బెత్తంలా ఉండే మనిషి. మాటలు పెట్టుకోకుండా బల్ల లాక్కుని కూర్చుని, కింది మెట్ల నుంచి మొదలుపెట్టింది. కిందివీ, నడిమివీ నాన్నవి. అవి ఎప్పటిలాగే రాయిలా ఉన్నాయి. వేళ్ళు పైకి పాకుతుంటే నేను ఖాళీ పెట్టెను గట్టిగా పట్టుకున్నాను. చివరిదాకా పోయి, వెనక్కొచ్చి, మళ్ళీ పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. ఒక్కొక్కటే విడివిడిగా నొక్కి, తల వంచి వింది. నాన్న నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెట్లను చూడటంలేదు, ఆవిడ ముఖాన్నే చూస్తున్నాడు.

"మాస్టారూ, రెండేళ్ళుగా మీ పై మెట్లు కాస్త పుల్లగా ఉంటున్నాయి. పెద్దవారు, ఎలా చెప్పను అనుకున్నాను. వచ్చే ఏడు వేరేవాళ్ళకు ఇద్దామని కూడా అనుకున్నాను, దాచడం దేనికి" అంది ఆవిడ. ఆగి, చివరి మెట్టు ఇంకోసారి నొక్కింది. "ఈసారి ఏం చేశారు? ఇంత చక్కగా ఎప్పుడూ లేవు."

ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోమనే మనసులో దణ్ణాలు పెట్టుకుంటున్నాను. చిరునవ్వు నవ్వి ఒక నమస్కారం పెడితే ఆ పొగడ్త ఆయనదే, ఆ బడి మాదే, వచ్చే ఏడూ మాదే. నాన్న చేతులు విప్పి, ఒక చెయ్యి నా భుజం మీద వేశాడు.

"అవి నావి కాదండి. మా అమ్మాయివి. నాకు పైవి వినపడవు" అన్నాడు.

పెద్ద టీచరు నన్ను చూసింది, ఆయన్ని చూసింది. ఆవిడ గొంతు మెత్తబడింది.

"ఎప్పటినుంచి మాస్టారూ?"

నాన్న నా చేతిలో ఉన్న ఖాళీ పెట్టె వంక చూశాడు.

"ఎలుక వచ్చినప్పటినుంచి" అన్నాడు.

ఆవిడకు ఏం అర్థమయిందో నాకు తెలియదు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నాన్న కూడా నవ్వాడు, ఆ వేసవి మొదటిసారి ఏదీ దాచుకోకుండా. ఆవిడ మా ఇద్దరినీ అలా నవ్వనిచ్చి, బడిలో ఇంకో రెండు పాత పియానోలు మూలపడి ఉన్నాయి, బండి ఎలాగూ ఉంది కదా, తీసుకుపోతారా అని అడిగింది.

మర్నాడు పొద్దున్న ఇల్లంతా మళ్ళీ సద్దుమణిగింది. నానమ్మ మాటల ఉపవాసానికి కూర్చుంది. అమ్మ చెంచాలన్నీ ముందే సర్దేసింది. అలవాటు కొద్దీ కాదు, ఇక నేను వింటానని. బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నాన్న నడిమి మెట్లన్నీ చేసి, కిందివి చేసి, మీట నాకు అందించాడు. కోలుకున్న జమీందారు భారంగా నడుచుకుంటూ వచ్చి, పియానో ఎక్కి, తన చోట తాను పడుకున్నాడు. నేను మొదటి పై మెట్టు నొక్కాను. జమీందారు చెవులు ఇటు తిరిగాయి.

నాన్న ఆ చెవుల వంక చూడలేదు. నా ముఖం వంక చూసి, "ఊగుతోందా?" అన్నాడు.